చట్నీ రెండోసారి ఎందుకు వేశాను?

ప్రశ్న

అక్కా, నాకు 36 ఏళ్ళు. విశాఖలో ఇడ్లీ బండి పెట్టుకున్నాను. మూడేళ్ళ కిందట నేను పనిచేసే షాపులో డబ్బు పోతే అనుమానం మీద నన్ను స్టేషన్‌కి తీసుకెళ్ళారు. మూడు రోజులు ఉంచేశారు. ఏ కాగితం మీదా నా పేరు రాయలేదు. ఒప్పుకోమని అరికాళ్ళ మీద కొట్టారు. నాలుగో రోజు అసలు దొంగ దొరికాడు, పో అన్నారు. ఆస్పత్రిలో బైకు మీంచి పడ్డానని చెప్పాను. నొప్పికి బిళ్ళలు, నిద్రకి మందు, అలా తాగుడు మొదలైంది. మా ఆవిడ పుస్తెలతాడు కూడా తాకట్టుకి పోయింది. ఒకసారి ఇంట్లోనే మానబోతే ఫిట్స్ వచ్చాయి. తర్వాత ఆస్పత్రిలో చేరి మానేశాను. తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చునే ఏఏ మీటింగులకి వెళ్తున్నాను. 53 రోజులు చుక్క ముట్టలేదు. మా ఆవిడ క్యాలెండరు మీద రోజుకో గీత పెట్టేది.

పోయిన వారం పొద్దున్న ఇద్దరు కానిస్టేబుళ్ళు బండి దగ్గరికొచ్చారు. అందులో ఒకడు వాడే, నన్ను కొట్టినవాడు. "ఏటి గురూ, ఇడ్లీలు వేడిగున్నాయా?" అన్నాడు. నన్ను గుర్తుపట్టలేదక్కా. నేను ప్లేటు పెట్టి ఇచ్చాను. అడక్కుండానే చట్నీ రెండోసారి వేశాను. ఫోన్‌పే చేసి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి తాగాను. మర్నాడూ తాగాను. తర్వాత ఇవాళ్టికి నాలుగు రోజులు, మళ్ళీ ముట్టలేదు. క్యాలెండరు మీద గీతలు ఆగిపోయాయి.

మీటింగులో ఒక పెద్దాయన, పగ ఉంటే మందు పోదు, వాణ్ణి క్షమించెయ్ అన్నాడు. నా వల్ల కావట్లేదు. కేసు వేసి గెలిస్తే నిద్ర పడుతుందేమో అనిపిస్తోంది. మా ఆవిడ వద్దంటోంది, డాక్టర్ గారికే దిక్కు లేకపోయింది, మనమెంత అంటోంది. ఆ 53 రోజులూ పోయినట్టేనా? అన్నిటికన్నా నన్ను తినేస్తున్నది ఆ చట్నీ. ఎందుకు వేశాను? నేనింత పిరికివాణ్ణా? నన్ను నువ్వు అనే పిలవండక్కా, మీకన్నా చిన్నవాణ్ణి.

సమాధానం

తమ్ముడూ అంటాను గానీ నువ్వు అనను. ఆ మూడు రోజులూ మిమ్మల్ని ఏమని పిలిచి ఉంటారో ఊహించగలను. నా దగ్గర మీకు 'మీరు' అనే మాటే దొరుకుతుంది, ఇబ్బందిగా ఉన్నా ఓర్చుకోండి.

చట్నీ సంగతి మీరు ఉత్తరం చివర్లో పెట్టారు. నేను మొదలు దానితోనే పెడతాను. మిగతా ప్రశ్నలన్నీ దాని చుట్టూ తిరుగుతున్నాయి.

మూడు రోజులు ఒకడి చేతిలో చిక్కుకుపోయి, ఎదురు తిరిగితే దెబ్బలు రెట్టింపయ్యే చోట, పారిపోవడానికి దారి లేని చోట ఉన్న మనిషి ఒంటికి ఒకటే పాఠం అబ్బుతుంది. ఎదుటివాడి మొహం చదువు, వాడికి విసుగు పుట్టకముందే వాడికి కావలసింది ఇచ్చెయ్. "అవునయ్యా", "సరేనయ్యా", తల దించుకో. ఆ పాఠం వల్లే మీరు ప్రాణాలతో బయటికొచ్చారు. ఒళ్ళు అంత ఖరీదు పెట్టి నేర్చుకున్నదాన్ని మరిచిపోదు. మూడేళ్ళయిందని, ఇప్పుడు మీ బండి, మీ గిన్నె, మీ గరిట అని దానికి తెలీదు. ఆ గొంతు వినగానే అప్పజెప్పేసింది. వీడు వాడేనా కాదా అని మీ బుర్ర తేల్చుకునేలోపే మీ చెయ్యి చట్నీ గిన్నెలో ఉంది. పిరికితనం అనాలంటే అక్కడ ఆలోచించుకునే వ్యవధి ఉండాలి. మీకు అది లేదు.

రాత్రిపూట ఉలిక్కిపడి లేవడం, స్టేషన్ ఉన్న రోడ్డు వదిలేసి చుట్టూ తిరిగి పోవడం, వెనక ఎవరైనా నిలబడితే ఒళ్ళు బిగుసుకుపోవడం, పిల్లాడు గ్లాసు పడేసినా కస్సుమనడం, ఒక్కోసారి ఏదీ తగలనట్టు మొద్దుబారిపోవడం. వీటిలో ఏవి మీకున్నాయో మీరు రాయలేదు. "నిద్రకి మందు" అన్నారు, నాకు అది చాలు. డాక్టర్లు దీనికి పీటీఎస్‌డీ అని పేరు పెట్టారు. యుద్ధం నుంచి వచ్చినవాళ్ళకి, అత్యాచారానికి గురైనవాళ్ళకి, కస్టడీలో దెబ్బలు తిన్నవాళ్ళకి వస్తుంది. చాలామంది దీనికి సొంత వైద్యం మద్యంతోనే మొదలుపెడతారు, ఎందుకంటే మొదట్లో అది నిజంగానే పనిచేస్తుంది. రెండు పెగ్గులతో ఆ గది కనబడకుండా పోతుంది. తర్వాత మూడు, తర్వాత క్వార్టర్. ఆ తర్వాత తెల్లవారుజామున నాలుగింటికి మత్తు దిగే వేళకి ఆ గది మునుపటికన్నా పెద్దదై కూర్చుంటుంది. ఈ రాష్ట్రంలో 99 రూపాయలకి క్వార్టర్ దొరుకుతున్నప్పుడు మనసు డాక్టరు దగ్గరికి ఎవరు పోతారు చెప్పండి.

వాడు మిమ్మల్ని గుర్తుపట్టకపోవడం గురించి మీరు ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు. నాకైతే మొత్తం ఉత్తరంలో గుచ్చుకున్నది అదే. మీ బతుకు ఆ మూడు రోజుల ముందు, తర్వాత అని రెండు ముక్కలైంది. వాడికి అది డ్యూటీలో ఒక వారం. దీనికి నా దగ్గర ఓదార్పు లేదు, ఉందని బుకాయించను.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. ఇరవై ఏళ్ళకు పైగా మద్యం మాన్పించే వార్డుల్లో కౌన్సెలర్‌గా పనిచేశాను. మొదటి చాలా ఏళ్ళు వచ్చిన ప్రతి మనిషినీ ఎప్పటినుంచి తాగుతున్నారు, రోజుకెంత, ఇంట్లో ఇంకెవరు తాగుతారు అని అడిగేదాన్ని. మిమ్మల్ని ఎప్పుడైనా ఎవరైనా కొట్టారా అని ఒక్కరినీ అడగలేదు. ఒకాయన ఉండేవాడు, వార్డుబాయ్ నడుముకున్న తాళాల గుత్తి చప్పుడు వినబడితే చాలు, మంచం దిగి గోడకి ఆనుకుని నిలబడిపోయేవాడు. మేమంతా మందు మానిన వణుకు అని రాసుకున్నాం. డిశ్చార్జయి వెళ్ళి, వారం తిరక్కుండా తాగి మళ్ళీ వచ్చాడు. రెండోసారి ఆయన భార్య చెప్పింది, ఎప్పుడో కుర్రతనంలో లాకప్‌లో పడేశారని. మేం వైద్యం చేసింది సగం జబ్బుకి.

అందుకే మీకు చెప్పేది, "ముందు తాగుడు మానెయ్, ఆ సంగతులు తర్వాత చూద్దాం" అనే డాక్టరు గానీ కౌన్సెలరు గానీ దొరికితే, ఆయన మంచివాడే అయినా, "రెండూ కలిపి చూడండి" అని అడగండి. ఇప్పుడు వైద్యం చెప్పేది కూడా అదే. ఆ జ్ఞాపకాల మీద నేరుగా, మెల్లగా పనిచేసే కౌన్సెలింగ్ పద్ధతులున్నాయి. సెర్ట్రలిన్ లాంటి మందులున్నాయి, అవి మత్తు మందులు కావు, అలవాటు పడరు. నిద్రమాత్రలు మాత్రం మీరు సొంతంగా కొనొద్దు. మందు ఒక చేత్తో వదిలి నిద్రమాత్ర ఇంకో చేత్తో పట్టుకున్నవాళ్ళని చాలామందిని చూశాను.

ఇక 53 రోజుల లెక్క. ఎక్కడికి పోతాయి తమ్ముడూ? ఆ 53 రోజులు మీ లివరు విశ్రాంతి తీసుకుంది, మీరు తెల్లవారకముందే లేచి పిండి వేశారు, మీ ఆవిడ 53 గీతలు పెట్టింది. అవి జరిగిపోయాయి, వెనక్కి తీసుకోవడానికి లేదు. మీటింగులో మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టమంటారు. అది వాళ్ళ పద్ధతి, దానికో ఉపయోగం ఉంది, చెయ్యండి. కానీ ఇంకో లెక్క కూడా వేసుకోండి. మిమ్మల్ని కొట్టినవాడు కళ్ళ ముందు నిలబడితే రెండు రాత్రులు తాగారు, మూడో రోజు ఎవరూ కట్టెయ్యకుండా, ఎవరూ తాళం వెయ్యకుండా మీ అంతట మీరు ఆపి నాకు ఉత్తరం రాశారు. ఏడాది కిందటైతే ఆ రెండు రాత్రులు ఎన్ని నెలలయ్యేవి?

ఒక్క విషయంలో భయపెడతాను. మీకు ఒకసారి ఫిట్స్ వచ్చాయి. వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. ఈసారి రెండు రాత్రులే కాబట్టి గట్టెక్కారు. ఎప్పుడైనా జారి అది వారం పది రోజులు సాగితే మాత్రం ఇంట్లో తలుపేసుకుని ఆపే ప్రయత్నం చెయ్యొద్దు. రోజూ బాగా తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనబడి, జ్వరం, చెమటలు పట్టి ప్రాణం మీదికి రావచ్చు. నేరుగా ఆస్పత్రికి వెళ్ళండి, తాగుడు సంగతి దాచకండి. అది తెలిస్తేనే గ్లూకోజు సెలైన్ పెట్టేముందు విటమిన్ బీ1 ఇంజెక్షన్ ఇవ్వాలని వాళ్ళకి తడుతుంది.

బిళ్ళల పేరు మీరు రాయలేదు. మానేశారో లేదో కూడా రాయలేదు. ట్రమడాల్, టాపెంటడాల్ అని స్ట్రిప్పు మీద ఉందేమో చూడండి. అవి నల్లమందు జాతి నొప్పి మందులు. ట్రమడాల్‌ని 2018 నుంచి మాదకద్రవ్యాల చట్టం కింద పెట్టారు. చీటీ లేకుండా తెలిసినవాడని ఇచ్చే మెడికల్ షాపు మీకు మేలు చెయ్యట్లేదు. ట్రమడాల్‌తో కూడా ఫిట్స్ వస్తాయి. మద్యం మీద ఈ బిళ్ళలు పడితే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. బిళ్ళల సంగతి ఆస్పత్రిలో చెప్తే పోలీసులకి తెలుస్తుందని భయపడుతున్నారేమో. వైద్యానికి వచ్చినవాణ్ణి డాక్టర్లు పట్టివ్వరు. పైగా ఆ చట్టంలోనే 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. వాడకానికో, కొద్దిపాటి మోతాదుకో కేసు పడినవాడు కూడా తనంతట తాను గుర్తింపు ఉన్న చోట వైద్యానికి వెళ్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది.

మీ ఆవిడకి కూడా ఒక మాట. "తెలియకుండా కూరలో కలిపే మందు" అని గోడల మీద ప్రకటనలుంటాయి. ఎవరు చెప్పినా వద్దు. తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ లాంటి మందు కడుపులో ఉండగా ఆ సంగతి తెలియక మనిషి తాగితే బీపీ పడిపోయి చచ్చిపోయే ప్రమాదం ఉంది. అది డాక్టరు చెప్పి, రోగి ఒప్పుకుని వేసుకోవాల్సిన మందు.

ఇప్పుడు క్షమించడం. ఆ పెద్దాయన మీద నాకు కోపం లేదు. పగతో రగులుతూ కూర్చుంటే చెయ్యి గ్లాసు వైపే పోతుందని ఆయన తన అనుభవంతో చెప్పి ఉంటాడు. తోడల్లుడి మీద, ఆస్తి పంచని అన్న మీద, జీతం ఎగ్గొట్టిన మేస్త్రీ మీద పెట్టుకునే పగకి ఆ సలహా సరిగ్గా సరిపోతుంది. మీది అటువంటిది కాదు. నేరం చెయ్యని మనిషిని రాజ్యం పేరు చెప్పి కట్టేసి కొట్టారు. అందులో మీ వాటా ఎంత అని వెతుక్కోవడానికి ఏమీ లేదు, సున్నా. ఏఏలో మందు మానడానికి పన్నెండు మెట్లు చెప్తారు కదా, అందులో నాలుగో మెట్టు దగ్గర ఎవరి మీద ఏ కోపం ఉందో, అందులో తన పాత్ర ఏమిటో రాసుకోమంటారు. మీరు ఆ కాగితం మీద వాడి పేరు రాయండి, పక్కన గడి ఖాళీగా వదిలెయ్యండి. ఖాళీగా ఉండటమే నిజం.

నా అభిప్రాయం అడిగితే, క్షమాపణ అనేది మందు మానడానికి కట్టాల్సిన ఫీజు కాదు. ఎప్పటికో మీ మనసు వాణ్ణి వదిలెయ్యొచ్చు, వదలకపోనూవచ్చు. వదలకుండానే ముప్పై ఏళ్ళు మందు ముట్టకుండా బతకొచ్చు. తొమ్మిదో మెట్టు దగ్గర, మన వల్ల దెబ్బతిన్నవాళ్ళకి సరిదిద్దమంటారు కదా, మీకు నిజంగా పని ఉన్నది అక్కడ. మీ జాబితాలో మొదటి పేరు ఆ కానిస్టేబుల్‌ది కాదు, పుస్తెలతాడు ఇచ్చినావిడది. నెలకి ఐదొందలైనా ఆ తాకట్టుకి కట్టడం మొదలుపెట్టండి. వడ్డీలోకే పోయినా సరే, రసీదు ఆవిడ చేతిలో పెట్టండి.

కేసు గెలిస్తే నిద్ర పడుతుందేమో అన్నారు. ఈ మాట దగ్గర మిమ్మల్ని కాసేపు ఆపుతాను. అమెరికాలో రోడ్నీ కింగ్ అని ఒకాయన ఉండేవాడు. 1991 మార్చి 3న, అర్ధరాత్రి దాటాక, లాస్ ఏంజెలెస్‌లో తాగి కారు నడుపుతున్నాడు. పాత దోపిడీ కేసులో పెరోల్ మీద బయటున్నాడు, మళ్ళీ లోపలేస్తారని పోలీసులు వెంటపడినా ఆపలేదు. దొరికాక యాభై పైచిలుకు లాఠీ దెబ్బలు కొట్టారు. దగ్గర్లోని ఇంటి బాల్కనీలోంచి ఒకతను వీడియో తీశాడు, ప్రపంచమంతా చూసింది. 1992 ఏప్రిల్ 29న ఆ పోలీసుల్ని జ్యూరీ వదిలేస్తే ఊరు తగలబడింది, అరవై మందికి పైగా చచ్చిపోయారు. ఆ మంటల మధ్య ఈయనే టీవీల ముందుకొచ్చి మనమందరం కలిసి ఉండలేమా అని అడిగాడు. మరుసటి ఏడు ఇంకో కోర్టులో ఇద్దరు పోలీసులకి రెండున్నరేళ్ళ జైలు పడింది. 1994లో ఆయనకి 38 లక్షల డాలర్ల పరిహారం వచ్చింది.

చూశారా, మీరు కోరుకునేవన్నీ ఆయనకి దొరికాయి. సాక్ష్యం, శిక్ష, డబ్బు, లోకం సానుభూతి. తాగుడు మాత్రం వదల్లేదు. తాగి నడిపి మళ్ళీ మళ్ళీ పట్టుబడ్డాడు, చికిత్సలకి వెళ్ళాడు, కొంతకాలం బాగుండేవాడు, మళ్ళీ జారేవాడు. 2012 జూన్ 17న తన ఇంటి ఈతకొలనులో మునిగి చనిపోయాడు. ఒంట్లో మద్యం, కొకైన్ ఉన్నాయని శవపరీక్షలో తేలింది. తీర్పు ఆయన పక్కకి వచ్చింది, రాత్రులు మాత్రం ఆయన పక్కకి రాలేదు. ఆయన కథ చెప్పి మిమ్మల్ని కేసు నుంచి వెనక్కి లాగడం నా ఉద్దేశం కాదు. కేసుకి ఒక ఖాతా, మందుకి ఒక ఖాతా. ఒకదాంట్లో బాకీ ఉందని రెండోదాన్ని ఆపి ఉంచొద్దు. కోర్టు వాయిదా పడిన ప్రతిసారీ తాగాలంటే మన కోర్టుల్లో మీరు ఎన్ని సీసాలు ఖాళీ చెయ్యాలో!

మీ ఆవిడ అన్న డాక్టర్ గారు ఎవరో విశాఖలో చెప్పక్కర్లేదు, బయటూరి పాఠకుల కోసం రాస్తున్నాను. నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టరుగా పనిచేసిన సుధాకర్ గారు. 2020 ఏప్రిల్‌లో మాస్కులు లేవని బయటికి మాట్లాడి సస్పెండయ్యారు. మే 16న ఇక్కడే హైవే మీద, చేతులు వెనక్కి విరిచి కట్టి, చొక్కా లేకుండా రోడ్డు మీద ఉన్న ఆయన్ని కానిస్టేబుల్ కొడుతున్న వీడియో అందరం చూశాం. తాగి గొడవ చేశాడని పోలీసులు అన్నారు. ఆ తర్వాత మానసిక వైద్యశాలకి పంపారు. హైకోర్టు విచారణని సీబీఐకి అప్పగించింది. 2021 మేలో ఆయన గుండెపోటుతో పోయారు. అప్పట్లో నేను ఎక్కిన ప్రతి ఆటోలో, ప్రతి పెళ్ళి భోజనంలో ఒకటే చర్చ, నిజంగా తాగి ఉన్నాడా లేదా అని. తాగి ఉంటే మాత్రం కొట్టొచ్చా అని అడిగినవాళ్ళు నాకు తగల్లేదు. మీ ఆవిడ భయం ఆ వీడియోలోంచి వచ్చింది. దాన్ని తేలిగ్గా తీసెయ్యకండి.

అయినా చట్టంలో మీకేముందో తెలిసి వద్దనుకోవడం వేరు, తెలియక ఊరుకోవడం వేరు. అరెస్టు చేసినవాణ్ణి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, రాజ్యాంగం 22వ అధికరణంలో ఉంది. అరెస్టు మెమో రాయాలి, ఇంట్లోవాళ్ళకి చెప్పాలి, 48 గంటలకోసారి డాక్టరుకి చూపించాలని సుప్రీంకోర్టు 1996లో డీకే బసు కేసులో చెప్పింది. మీ విషయంలో కాగితమే పుట్టలేదు కాబట్టి ఇవన్నీ తప్పినట్టే. నేరం ఒప్పించడానికి కొట్టడం ఏడేళ్ళ దాకా శిక్ష పడే నేరం. పాత ఐపీసీలో 330వ సెక్షన్, ఇప్పటి న్యాయ సంహితలో 120. అంత శిక్ష ఉన్న నేరాలకి మూడేళ్ళ కాలపరిమితి అడ్డం రాదు. ఆలస్యం జరిగినందుకు కొన్ని తలుపులు మాత్రం మూసుకుపోయాయి. మానవ హక్కుల కమిషన్‌కి ఏడాదిలోపు వెళ్ళాల్సింది. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టి రికార్డింగు ఏడాదిన్నర దాచాలని, అది కుదరకపోతే కనీసం ఏడాది దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో చెప్పింది. ఇప్పుడు ఆ రికార్డింగు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి.

మీరు చెయ్యగలిగింది ఒకటుంది, దానికి ధైర్యం కూడా పెద్దగా అక్కర్లేదు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100కి ఫోన్ చేసినా చెప్తారు. అర్హత ఉంటే లాయర్ని ఉచితంగా ఇస్తారు. వెళ్ళి మాట్లాడినంత మాత్రాన కేసు వేసినట్టు కాదు. వెళ్ళేటప్పుడు ఆస్పత్రి పాత చీటీలు, ఎక్స్‌రేలు ఉంటే అవి, కాళ్ళ వాపు ఫొటో ఎవరి ఫోన్‌లోనైనా ఉంటే అది పట్టుకెళ్ళండి. బైకు మీంచి పడ్డానని రాయించారు కాబట్టి లాయరు ముఖం చిట్లించవచ్చు. స్టేషన్ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది అదే చెప్తారని ఏ కాస్త అనుభవం ఉన్న లాయరుకైనా తెలుసు. ఆ మూడు రోజుల్లో గుర్తున్నవన్నీ ఒక నోటుబుక్కులో రాయండి, తేదీలు, గది ఎలా ఉంది, ఎవరు ఏమన్నారు. ఒక్కరోజులో కాదు. రోజుకి పది నిమిషాలు, పగటిపూట, మీ ఆవిడ ఇంట్లో ఉన్నప్పుడు. చీకటి పడ్డాక ఆ పుస్తకం తెరవకండి.

కాళ్ళ సంగతి మీరు ఒక ముక్కలో తేల్చేశారు. నాకైతే మీరు మళ్ళీ జారడానికి కానిస్టేబుల్ ఎంత కారణమో కాళ్ళూ అంతే కారణమేమో అనిపిస్తోంది. మడమ కింద మెత్తగా కొవ్వు పొర ఉంటుంది, నడిచేటప్పుడు దెబ్బని అదే తీసుకుంటుంది. అరికాళ్ళ మీద లాఠీ దెబ్బలు ఆ పొరని చితగ్గొట్టేస్తాయి. ఎముక విరక్కపోయినా, ఎక్స్‌రే బాగానే ఉందన్నా, ఏళ్ళ తరబడి నొప్పి ఉండిపోతుంది. మీరేమో తెల్లారకముందు నుంచి పది గంటల దాకా నిలబడే పని పెట్టుకున్నారు. బైకు ప్రమాదం అనుకున్న డాక్టరు మోకాలు చూస్తాడు, నడుము చూస్తాడు. అరికాలు చూడడు. నిజం చెప్పండి. మెత్తటి మడమ ఉన్న చెప్పులు, ఫిజియోథెరపీ, నరాల నొప్పికి అలవాటు పడని మందులు, వీటితో చాలా తగ్గుతుంది. బండి వెనక ఎత్తు స్టూలు వేసుకోండి. కూర్చుని ఇడ్లీ అమ్మితే రుచి తగ్గదు.

వాడు మళ్ళీ వస్తే? రావచ్చు, ఇడ్లీలు బాగున్నాయి కదా. వాడి ముందు ఏదో అనాలని, కళ్ళలోకి చూడాలని రాత్రిళ్ళు డైలాగులు రాసుకుంటూ ఉంటారు మీరు. వద్దు, ఆ సీను మీ బండి దగ్గర జరగక్కర్లేదు. మీ ఆవిడతో ఒక మాట అనుకోండి. మీరు "సాంబారు చూడు" అనగానే ఆవిడ గరిట అందుకుంటుంది, మీరు వెనక్కి వెళ్ళి నీళ్ళ బిందె దగ్గర కూర్చుంటారు. చల్లటి నీళ్ళు చేతుల మీద పోసుకోండి, కాళ్ళు నేలకి ఆనించండి, కనబడే వస్తువుల పేర్లు ఒక్కొక్కటీ లోపల చెప్పుకోండి. బిందె, బస్సు, కొబ్బరి చిప్ప. చాదస్తంలా ఉంటుంది గానీ, మనిషి ఆ గదిలోంచి ఇవాళ్టికి రావడానికి ఇది పనికొస్తుంది. వాడు వెళ్ళిన అరగంటలోపు మీటింగులో ఒకరికి ఫోన్ చెయ్యండి, అవసరమైతే ఆ పెద్దాయనకే. "క్షమించమని చెప్పకండి, పది నిమిషాలు లైన్లో ఉండండి చాలు" అనండి. అర్ధరాత్రి ఎవరూ ఎత్తకపోతే టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. మందు మానడం గురించే అయితే 14446. ఇంకోటి, మన నగరపాలక సంస్థ జీవీఎంసీ ఇచ్చే వీధి వ్యాపారుల గుర్తింపు కార్డు మీకు లేకపోతే తీసుకోండి. 2014 చట్టం ప్రకారం అది మీ బండికి రక్షణ. ఖాకీ చొక్కా కనబడగానే బండి తీసేస్తారేమో అన్న భయమైనా ఒకటి తగ్గుతుంది.

మళ్ళీ ఎక్కడైనా చేరాల్సి వస్తే ప్రభుత్వాసుపత్రికే వెళ్ళండి. కింగ్ జార్జి ఆస్పత్రి, అదే మన కేజీహెచ్‌లో మానసిక విభాగం ఉంది, చిన వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ రెండో పేరు వినగానే ఊళ్ళో నవ్వుతారు, నవ్వనీయండి. ప్రైవేటు సెంటరైతే ముందు రిజిస్ట్రేషన్ అడగండి, లోపల కొడతారా, తాళం వేస్తారా అని పాత పేషెంట్లని అడగండి. అలాంటివి ఉన్నాయి. మీకు ఇంకో లాకప్ వద్దు.

ఒక సంగతి మీకు తెలుసో లేదో. ఏటా జూన్ 26న మన బీచ్ రోడ్డులో మత్తుపదార్థాలకి వ్యతిరేకంగా ర్యాలీలు తీస్తారు, స్కూలు పిల్లలు ప్లకార్డులు పట్టుకుంటారు, ముందు వరుసలో పోలీసులు నడుస్తారు. ఐక్యరాజ్యసమితి ఆ రోజుకి ఇంకో పేరు కూడా పెట్టింది, చిత్రహింసల బాధితులకి అండగా నిలిచే రోజు. రెండూ ఒకే తేదీన పడ్డాయి. ఆ రెండో ప్లకార్డు నేను బీచ్ రోడ్డులో ఒక్క ఏడూ చూడలేదు. చిత్రహింసలకి వ్యతిరేకంగా ఉన్న అంతర్జాతీయ ఒప్పందం మీద మన దేశం 1997లో సంతకం పెట్టి, ఇప్పటికీ ఆమోదించలేదు. మీలాంటివాళ్ళు ఎంతమంది ఆ ర్యాలీని రోడ్డు పక్కన నిలబడి చూస్తుంటారో అనుకుంటాను.

క్యాలెండరు గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. మీ ఆవిడ గీతలు ఆపింది గానీ, పాత 53 చెరపలేదు కదా. ఆవిణ్ణి మళ్ళీ పెట్టమని అడగకండి. తాగని ఈ నాలుగు రోజులకీ పెన్సిలు మీరే తీసుకుని పెట్టుకోండి. తాగిన రెండు గడులూ ఖాళీగా ఉంచండి, దాచొద్దు.

సోమవారం బండి ఆవిడకి అప్పజెప్పి, పొద్దున్నే కేజీహెచ్ ఓపీకి వెళ్ళండి. ముందు మానసిక విభాగం, తర్వాత ఎముకల విభాగం. ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాసుకెళ్ళండి, గొంతు పెగలకపోతే కాగితం చేతికివ్వచ్చు: నన్ను స్టేషన్లో మూడు రోజులు అరికాళ్ళ మీద కొట్టారు. తర్వాత తాగుడు, బిళ్ళలు అలవాటయ్యాయి. ఒకసారి ఫిట్స్ వచ్చాయి. వాడిన బిళ్ళల ఖాళీ స్ట్రిప్పు, డిశ్చార్జి కాగితం, పాత చీటీలు అన్నీ పాలిథిన్ కవర్లో పెట్టుకోండి. లైన్లో చాలాసేపు నిలబెడతారు. కాళ్ళు నొప్పి పెడితే లైన్లో పక్కవాళ్ళకి చెప్పి బల్ల మీద కూర్చోండి, మీ వంతు ఎక్కడికీ పోదు.